డౌన్‌లైట్లున్న సీలింగ్ మీద ఇన్సులేషన్, బోర్డింగ్: ముందు లైట్ల సంగతి తేల్చండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో 1990లలో కట్టిన మూడు బెడ్‌రూముల సెమీ (ఒక పక్క గోడ పక్కింటితో కలిసిన ఇల్లు) కొన్నారు. పై అంతస్తు సీలింగ్‌లో బాత్రూమ్‌తో కలిపి 14 డౌన్‌లైట్లు, అంటే సీలింగ్‌కు కన్నం చేసి లోపలికి దించిన లైట్లు, ఉన్నాయి. లాఫ్ట్‌లో, అంటే సీలింగ్‌కూ కప్పుకూ మధ్య జాగాలో, పాత ఊల్ (వేడిని ఆపే ఉన్నిలాంటి ఇన్సులేషన్) 100 మి.మీ. మందమే ఉంది, లైట్లున్న చోటల్లా ఎవరో దాన్ని గుండ్రంగా కోసి వదిలేశారు. చలికాలం రాకముందే ఇన్సులేషన్‌ను 270 మి.మీ.కి పెంచి, పైన బోర్డులు పరిపించి సామాను సర్దుకోవాలని మీ ఆలోచన. చూడటానికి వచ్చిన బిల్డర్ "ఇప్పుడన్నీ ఎల్‌ఈడీలే కదా, లైట్ల మీదుగా ఊల్ కప్పేసి, జాయిస్టుల మీదే బోర్డులు కొట్టేస్తాను, ఏమీ కాదు" అన్నాడు (జాయిస్టులంటే సీలింగ్‌ను పట్టి ఉంచే అడ్డ చెక్కలు). ఒప్పుకోవచ్చా అని అడిగారు.

ఒప్పుకోకండి. ఇంగ్లండ్‌లో ఇళ్ల వైరింగే నా వృత్తి కాబట్టి ఇలాంటి లాఫ్టులు తరచూ చూస్తుంటాను. ఈ పనిలో వరస చాలా ముఖ్యం. ముందు లైట్లు, తర్వాత వైర్లు, ఆ తర్వాత ఊల్, అన్నిటికన్నా చివర బోర్డులు. బోర్డులు పడ్డాక కింద ఏముందో మళ్లీ ఎవరూ తీసి చూడరు. మీ బిల్డర్ మొదలుపెట్టబోయేది చివర్నుంచి.

ముందు వేడి సంగతి చూద్దాం. ఆ డౌన్‌లైట్ ఫిట్టింగులు పాతవైతే 50 వాట్ల హాలోజన్ బల్బుల కోసం చేసినవి అయి ఉంటాయి. హాలోజన్ బల్బు తీసుకునే కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. పైగా వీటిలో డైక్రోయిక్ రకం బల్బుకు వెనక ఉండే గిన్నెలాంటి అద్దం వెలుతురును గదిలోకి తిప్పి, వేడిని మాత్రం వెనక్కి, అంటే లాఫ్ట్ వైపుకి వదిలేస్తుంది. కింద కూర్చున్నవాళ్లకు వేడి తగలకూడదని చేసిన ఏర్పాటు అది. ఆ వెనక భాగాన్ని ఊల్‌తో కప్పితే వేడి పోయే దారి మూసుకుపోతుంది. గ్లాస్ ఊల్, రాక్ ఊల్ వాటంతట అవి మండవు. కానీ తీగల పీవీసీ తొడుగు, జాయిస్టు చెక్క, ఏళ్లుగా పేరుకున్న దుమ్ము మాడతాయి. అందుకే అప్పట్లో లైటు చుట్టూ ఊల్ కోసి ఖాళీ వదిలేవారు. మీ లాఫ్ట్‌లో కనిపిస్తున్న ఆ గుండ్రాలు ఆనాటి జాగ్రత్తే, ఎవరి నిర్లక్ష్యమూ కాదు. వాటిని పూడ్చే ముందు అవి ఎందుకున్నాయో బిల్డర్‌కు తెలిసి ఉండాలి.

ఇప్పుడు అదే హోల్డర్‌లో 5 వాట్ల జీయూ10 (ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా ఇంటి కరెంటుతో వెలిగే రకం) ఎల్‌ఈడీ ఉంది. వేడి పదో వంతుకు తగ్గింది, అది నిజమే. అయినా రెండు చిక్కులు మిగులుతాయి. ఫిట్టింగ్ పాతదే కాబట్టి రేపు ఒక బల్బు పోతే డ్రాయర్ అడుగున దొరికిన పాత హాలోజన్‌ను ఎవరైనా బిగించవచ్చు. మీరు బిగించకపోవచ్చు, మీ తర్వాత ఇల్లు కొన్నవాళ్లకో, అద్దెకు దిగినవాళ్లకో పైన 270 మి.మీ. ఊల్ ఉందన్న సంగతి తెలియదు. ఇక రెండోది, ఎల్‌ఈడీకి కూడా ఆ కాస్త వేడి వెనకనుంచే పోవాలి. బల్బు లోపలి ఎలక్ట్రానిక్స్‌కు వేడే శత్రువు. అందులోని కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి పది డిగ్రీల పెరుగుదలకు దాదాపు సగానికి పడిపోతుందని మా రంగంలో లెక్క వేసుకుంటాం. పదిహేనేళ్లు వస్తుందన్న ఎల్‌ఈడీ రెండేళ్లకే మిణుకుమిణుకుమంటూ పోయిందని చాలామంది కంపెనీని తిడుతుంటారు. పైకెక్కి చూస్తే చాలాసార్లు అది ఊల్ కింద ఉడికిపోయి ఉంటుంది.

కాబట్టి "ఎల్‌ఈడీయేనా?" అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. "ఈ ఫిట్టింగ్‌ను కప్పవచ్చని దాన్ని తయారుచేసినవాళ్లు చెప్పారా?" అన్నదే ప్రశ్న. ఒక లైటును కిందనుంచి మెల్లగా లాగి, వెనక ఉన్న లేబుల్ చూడండి. కరెంటు ఆపి మాత్రమే సుమా, ఫ్యూజ్ బోర్డు దగ్గర ఆ సర్క్యూట్ ఆపేసి. కప్పకూడని ఫిట్టింగ్ మీద సీలింగ్‌లో దిగిన లైటు, దానిపైన ఇన్సులేషన్ బొమ్మ గీసి, అడ్డంగా కొట్టేసిన గుర్తు ఉంటుంది. కప్పదగ్గవాటిని కేటలాగుల్లో ఐసీ రేటెడ్ అనో, ఇన్సులేషన్ కవరబుల్ అనో రాస్తారు. లేబుల్ చెరిగిపోయినా, అసలు లేకపోయినా కప్పకూడనిదిగానే లెక్కించండి.

ఇక్కడే చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. డబ్బా మీద ఫైర్ రేటెడ్ అని ఉంటే ఊల్ కప్పవచ్చు అనుకుంటారు. బిల్డర్లు కూడా ఈ మాట ధీమాగా చెప్పేస్తుంటారు. ఆ రెండింటికీ సంబంధం లేదు. ఫైర్ రేటెడ్ డౌన్‌లైట్ పని ఏమిటంటే, కింద గదిలో మంటలు లేస్తే సీలింగ్‌కు పడ్డ కన్నం గుండా అవి పైకి పాకకుండా 30, 60, లేదా 90 నిమిషాలు ఆపడం. వేడి తగలగానే ఉబ్బి కన్నాన్ని మూసేసే పదార్థం అందులో ఉంటుంది. అంతేగాని రోజూ లైటు వెలిగినప్పుడు పుట్టే వేడిని ఊల్ కింద తట్టుకుంటుందా అన్నది వేరే పరీక్ష. ఇప్పుడు వచ్చే సీల్డ్ ఫిట్టింగుల్లో చాలావాటికి రెండు గుణాలూ ఉంటాయి, కానీ రెండూ కాగితం మీద విడివిడిగా కనిపించాలి. అసలు మీలాంటి మామూలు రెండంతస్తుల ఇంట్లో, లాఫ్ట్ కింద సీలింగ్‌కు ఫైర్ రేటెడ్ లైట్లు సాధారణంగా తప్పనిసరి కూడా కాదు. మున్ముందు లాఫ్ట్‌ను గదిగా మార్చాలనుకుంటే మాత్రం అది మరో అంతస్తు అవుతుంది, అప్పుడు నిబంధనలు మారతాయి. అలాంటి ఆలోచన ఉంటే ఇప్పుడే రెండు గుణాలూ ఉన్నవి కొనండి.

వేడి తర్వాత గాలి. దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ, ఇళ్లకు నెమ్మదిగా ఎక్కువ చేటు చేసేది ఇదే. పాత హాలోజన్ ఫిట్టింగ్ వెనక భాగం తెరిచే ఉంటుంది. సీలింగ్‌లో 14 కన్నాలు పెట్టి లాఫ్ట్‌లోకి దారి తీసినట్టే. మన ఇళ్లలో రెండు పూటలా అన్నం వండుతాం, కుక్కర్ కూస్తూ ఉంటుంది, చలికాలమంతా బట్టలు లోపలే ఆరేస్తాం. ఆ ఆవిరంతా వెచ్చటి గాలితో కలిసి పైకి పోయి లైట్ల కన్నాల్లోంచి లాఫ్ట్‌లో చేరుతుంది. ఇప్పుడు 100 మి.మీ. ఊల్ ఉంది కాబట్టి ఇంటి వేడి కొంత లాఫ్ట్‌లోకి కారుతూ అక్కడ మరీ చల్లబడకుండా ఉంది. 270 వేశాక లాఫ్ట్ ఇంకా చల్లబడుతుంది. తేమ మాత్రం అవే కన్నాల్లోంచి ఎప్పటిలాగే వస్తుంది. కప్పు కింది ఫెల్ట్ (పెంకుల కింద పరిచే షీటు) మీద నీటి బొట్లు కడతాయి, బాగా చలిగా ఉన్న రాత్రుల్లో మంచు పేరుకుని పొద్దున ఎండకు కరిగి ఊల్ మీద కారుతుంది. నీళ్లు కారుతున్నాయని పెంకులు మార్పించినవాళ్లు కూడా ఉన్నారు, లోపం కప్పులో లేకపోయినా. ఇన్సులేషన్ పెంచడమంటే సీలింగ్‌లోని గాలి దారులు మూయడం కూడా. లైట్లతోపాటు లాఫ్ట్ హ్యాచ్ (లాఫ్ట్‌లోకి ఎక్కే ద్వారం మూత) చుట్టూ రబ్బరు స్ట్రిప్ అంటించండి, పైపులు దూరిన సందులు సీలెంట్‌తో పూడ్చండి. బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ గొట్టం బయటిదాకా వెళ్తోందో, లాఫ్ట్ మధ్యలో ఊడి ఆవిరంతా అక్కడే వదులుతోందో తప్పకుండా చూడండి.

లైట్ల చుట్టూ ఖాళీ వదిలేసి మిగతాచోట మందంగా వేస్తే సరిపోదా అని అడగవచ్చు. లెక్క చూడండి. మీ పై సీలింగ్ 45 చదరపు మీటర్లు అనుకుందాం. 270 మి.మీ. ఊల్ సరిగ్గా పరిస్తే యూ-వాల్యూ (ఒక చదరపు మీటరు గుండా ఒక్కో డిగ్రీ తేడాకు పోయే వాట్లు) 0.16 దగ్గరకు వస్తుంది, అంటే లోపలికీ లాఫ్ట్‌కీ మధ్య ఒక్కో డిగ్రీ తేడాకు మొత్తం సీలింగ్ గుండా 7 వాట్ల పైచిలుకు పోతుంది. ఒక్కో లైటు చుట్టూ 300 మి.మీ. వ్యాసం ఖాళీ వదిలితే 14 లైట్లకూ కలిపి దాదాపు ఒక చదరపు మీటరు. ఊల్ లేని ప్లాస్టర్‌బోర్డు (సీలింగ్‌కు కొట్టే జిప్సం పలక) యూ-వాల్యూ 2.3 దాకా ఉంటుంది. ఆ ఒక్క మీటరే డిగ్రీకి మరో 2.3 వాట్లు లాగేస్తుంది. నలభై అయిదులో ఒక వంతు జాగా మొత్తం నష్టాన్ని 30 శాతం దాకా పెంచుతుందన్నమాట, కన్నాల్లోంచి పోయే గాలిని లెక్కలో వేయకుండానే. ఖాళీ వదలడం భద్రమే, కానీ మీరు పెట్టే డబ్బులో మంచి భాగం ఆ గుండ్రాల్లోంచే బయటికి పోతుంది.

అందుకని నా సలహా, ఫిట్టింగులే మార్చేయండి. వెనక మూసి ఉన్న సీల్డ్, ఐసీ రేటెడ్ ఎల్‌ఈడీ డౌన్‌లైట్లు తీసుకోండి. కొనేముందు పాత కన్నం కొలవండి. ఇప్పటి ఫిట్టింగులు చాలావరకు 70 మి.మీ. చుట్టుపక్కల కన్నానికి చేస్తారు, పాతవి అంతకన్నా పెద్దవిగా ఉండవచ్చు. అప్పుడు వెడల్పు అంచున్నవి వెతకాలి. 14 లైట్లూ నిజంగా అవసరమా అన్నది కూడా ఆలోచించండి. బెడ్‌రూములో ఆరు డౌన్‌లైట్లు తీసేసి, కన్నాలు పూడ్పించి, మధ్యలో ఒక సీలింగ్ లైటు పెట్టుకున్న ఇళ్లు ఎంతో వెచ్చగా ఉన్నాయి. లేని కన్నం గుండా గాలి పోదు. నన్నడిగితే లాఫ్ట్ కింద సీలింగ్‌లో డౌన్‌లైట్లు ఎన్ని తక్కువైతే అంత మంచిది.

బాత్రూమ్‌లోవి ఐపీ65 రకం, అంటే దుమ్ము, చిమ్మే నీళ్లు లోపలికి పోనివి, తీసుకోండి. షవర్, టబ్ ఉన్నచోట నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు వరకు నిబంధనలు కచ్చితంగా ఉంటాయి, మీ సీలింగ్ అంతకన్నా కాస్త ఎత్తులో ఉన్నా సరే ఆవిరి ఆ గీత దగ్గర ఆగదు కదా. ఐపీ65 అన్నది సాధారణంగా లైటు ముందు భాగానికే వర్తిస్తుంది. అంచు కింద ఉండే రబ్బరు వాషర్ సీలింగ్‌కు అంతటా ఆని ఉంటేనే దాని ఫలితం.

ఫిట్టింగులు మార్చే వీలు ఇప్పుడు లేదంటే, వాటి మీద బోర్లించే డౌన్‌లైట్ హుడ్‌లు దొరుకుతాయి, లాఫ్ట్ క్యాప్‌లని కూడా అంటారు. మంటకు తట్టుకునే పదార్థంతో చేసినవి, లోపల గాలికి జాగా ఉండే ఎత్తుతో ఉంటాయి. అంచు చుట్టూ సీలెంట్ వేసి ప్లాస్టర్‌బోర్డుకు అంటించాలి, తీగ దూరే చోటు కూడా. లైటు చుట్టూ, పైన ఎంత ఖాళీ ఉండాలో ఫిట్టింగ్ తయారీదారు రాసి ఉంటాడు, హుడ్ దానికి సరిపోవాలి. హుడ్ మీద ఊల్ ఎంత కప్పవచ్చో హుడ్ కాగితం చెప్తుంది. హాలోజన్ బల్బులు ఇంకా ఉంటే వాటిని తీసి ఎల్‌ఈడీ పెట్టాకే హుడ్ వేయండి. ఇక్కడ పాతకాలం డీఐవై చిట్కా ఒకటి ఇంకా తిరుగుతోంది, మట్టి పూలకుండీని లైటు మీద బోర్లించమని. వద్దు. బరువంతా ప్లాస్టర్‌బోర్డు మీద పడుతుంది, అడుగున ఉండే కన్నంలోంచి తేమ గాలి మామూలుగానే పోతుంది, ఆ లైటుకు అది సరిపడుతుందని ఎవరూ పరీక్షించి చెప్పింది లేదు.

కొన్ని ఇళ్లలో డౌన్‌లైట్లు 12 వోల్టులవి. బల్బుకు రెండు సన్నటి పిన్నులుంటే అదే రకం. అప్పుడు ప్రతి లైటు పక్కనా ఒక ట్రాన్స్‌ఫార్మర్ లాఫ్ట్‌లో పడి ఉంటుంది. లైటు చుట్టూ ఊల్ జాగ్రత్తగా కోసి, ఈ డబ్బాను మాత్రం ఊల్ కింద పాతిపెట్టడం నేను చూసిన తప్పుల్లో చాలా మామూలుది. అది కూడా వేడెక్కుతుంది. దాన్ని ఊల్ పైకి తీసి, ట్రస్ (కప్పును మోసే చెక్క చట్రం) చెక్క పక్కన బిగించాలి. మీవి జీయూ10లైతే ఈ బెడద లేదు. కొత్త ఫిట్టింగుల్లో విడి డ్రైవర్ (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే డబ్బా) ఉండే రకం ఎంచుకుంటే ఆ డ్రైవర్‌ను కప్పవచ్చా అన్నది కూడా విడిగా చూడాలి, లైటుకిచ్చిన హామీ డ్రైవర్‌కు వర్తించకపోవచ్చు.

వైర్ల జాయింట్ల విషయానికొస్తే, స్క్రూలతో బిగించే పాత గుండ్రటి జంక్షన్ బాక్సులు ఎప్పుడైనా తీసి చూడటానికి అందేలా ఉండాలని వైరింగ్ నిబంధనలు చెప్తాయి. బోర్డుల కింద పాతిపెట్టాల్సి వస్తే ఎంఎఫ్ గుర్తున్న, అంటే మళ్లీ బిగించే అవసరం లేని రకానికి మార్చించండి.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న. మీ ఇంట్లో ఎలక్ట్రిక్ షవర్ ఉందా? ఊల్ మందం పెంచేటప్పుడు నేను లైటు తీగల కన్నా ముందు చూసేది షవర్ కేబుల్‌నే. కేబుల్‌లో కరెంటు పారితే అది వేడెక్కుతుంది, ఊల్ ఆ వేడిని పోనివ్వదు, కాబట్టి అదే కేబుల్ మోయగల కరెంటు తగ్గిపోతుంది. బ్రిటన్ వైరింగ్ నిబంధనలైన బీఎస్ 7671 పట్టికల ప్రకారం 10 చ.మి.మీ. ట్విన్ అండ్ ఎర్త్ కేబుల్ (ఇళ్లలో మామూలుగా వాడే చదునైన రకం) గోడకు క్లిప్ చేసి ఉంటే 64 ఆంపియర్లు మోస్తుంది. సీలింగ్ ప్లాస్టర్‌బోర్డు మీద 100 మి.మీ. మించని ఊల్ కింద ఉంటే 45. ఊల్ 100 దాటితే 36. ఇక 9.5 కిలోవాట్ల షవర్ 230 వోల్టుల దగ్గర లాగేది 41 ఆంపియర్లు. అంటే ఇప్పుడున్న ఊల్ కింద సరిపోతున్న కేబుల్, మీరు 270 వేసిన రోజున చాలదు. షవర్ పనిచేస్తూనే ఉంటుంది, ఏదీ ట్రిప్ అవదు, కేబుల్ తొడుగు మాత్రం లోపల్లోపల పాడవుతూ ఉంటుంది. పరిష్కారం తేలికే. ఊల్ పరచక ముందే ఆ కేబుల్‌ను పైకెత్తి, ఊల్ పైమట్టానికి ఎగువన ట్రస్ చెక్కలకు క్లిప్ చేయించాలి. పొడవు చాలకపోతే ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడు. కరెంటు పొయ్యి సర్క్యూట్, సోలార్, కారు ఛార్జర్ కేబుళ్లు లాఫ్ట్ గుండా వెళ్తుంటే వాటికీ ఇదే మాట. లైటు తీగలకు మాత్రం అంత భయం లేదు. 1 చ.మి.మీ. తీగ మందపాటి ఊల్ కింద కూడా 10.5 ఆంపియర్లు మోస్తుంది, లైటింగ్ సర్క్యూట్‌కు ఉండే బ్రేకర్ సాధారణంగా 6 ఆంపియర్లదే. ఒక్క జాగ్రత్త, తెల్లటి థర్మోకోల్ షీట్లు గానీ పూసలు గానీ పీవీసీ కేబుల్‌కు తగలనివ్వకండి. పీవీసీలోని మెత్తదనాన్ని అవి పీల్చేసి తొడుగును పెళుసుబారుస్తాయి.

ఇంత అయ్యాక ఊల్ పని సులువు. పాతది పొడిగా ఉంటే తీయనక్కర్లేదు, జాయిస్టుల మధ్య అలాగే ఉంచి, పైన 170 మి.మీ. రోల్‌ను అడ్డంగా పరవండి. కప్పు అంచుల దగ్గర గాలి లోపలికి వచ్చే దారిని మాత్రం మూయకూడదు, అక్కడ ఫెల్ట్‌కూ ఊల్‌కూ మధ్య 50 మి.మీ. ఖాళీ ఉండాలి. నీళ్ల ట్యాంకు ఉంటే దాని కింద ఊల్ వేయకండి, ట్యాంకుకూ పైపులకూ చుట్టూ కట్టండి, ఎందుకంటే ఇకనుంచి లాఫ్ట్ ఇదివరకటి కన్నా చల్లగా ఉంటుంది.

బోర్డుల దగ్గర మీ బిల్డర్ చెప్పిన రెండో మాట కూడా ఒప్పుకోదగ్గది కాదు. 1990ల ఇల్లు కాబట్టి మీ కప్పు దాదాపు ఖాయంగా ట్రస్ రకం. డబ్ల్యూ ఆకారంలో చెక్కలు అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. మీరు జాయిస్టులు అంటున్నవి ఆ ట్రస్ అడుగు చెక్కలు, 35 మి.మీ. మందం, 72 లేదా 97 మి.మీ. ఎత్తు, 600 మి.మీ. దూరంలో ఒకటి. వాటి మీదే బోర్డులు కొడితే 270 మి.మీ. ఊల్‌ను వంద లోపుకు అణగదొక్కినట్టే. ఊల్ పనిచేసేది అందులో చిక్కుకున్న గాలి వల్ల. అణిచేస్తే మీరు కొన్న రెండో రోల్ దండగ. అందుకే లాఫ్ట్ లెగ్స్ అని ప్లాస్టిక్ కాళ్లు గానీ, ఇనప ఫ్రేమ్ గానీ వేసి బోర్డును పైకెత్తుతారు. ఎక్కువగా దొరికేది 175 మి.మీ. కాలు. మీ చెక్క ఎత్తు 97 అయితే మొత్తం 272, అంటే ఊల్‌కు బొటాబొటీ. 72 అయితే 247 మాత్రమే, ఊల్ నలుగుతుంది. ఊల్‌కూ బోర్డుకూ మధ్య కాస్త గాలి ఆడాలి కాబట్టి ఇంకా ఎత్తున్న రకం చూడటం మేలు. కొలవకుండా కొనకండి. ట్రస్ చెక్కను ఎక్కడా కోయడం, గాడి పెట్టడం చేయనివ్వకండి.

మరి ఆ బోర్డుల మీద ఎంత బరువు పెట్టవచ్చు? ఇలాంటి ట్రస్ అడుగు చెక్కలను సామాను కోసం చదరపు మీటరుకు దాదాపు 25 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. 18 మి.మీ. చిప్‌బోర్డు బరువే మీటరుకు 12 కిలోల దాకా ఉంటుంది, అది పోగా మిగిలేది 13. విమానంలో తెచ్చుకునే 23 కిలోల సూట్‌కేసును పడుకోబెడితే మూడో వంతు మీటరు జాగాలో ఆ బరువంతా పడుతుంది. కాబట్టి ఖాళీ సూట్‌కేసులు, బొమ్మలకొలువు పెట్టె, చలికోట్లు పెట్టుకోండి. పుస్తకాల అట్టపెట్టెలు, రుబ్బురోలు, పింగాణీ సామాను, బియ్యం బస్తాలు వద్దు. లాఫ్ట్ అంతా పరిపించనక్కర్లేదు, హ్యాచ్ చుట్టూ మధ్యభాగం చాలు. ఇంతకన్నా ఎక్కువ పెట్టాలనుకుంటే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలిచి చూపించండి. పాతకాలం ఇళ్లలో జాయిస్టులు వేరే రకంగా ఉంటాయి, ఈ అంకెలు వాటికి వర్తించవు.

బోర్డులను మేకులతో కాక స్క్రూలతోనే బిగించమనండి. లైట్లు, జాయింట్లు ఉన్నచోట బోర్డు విడిగా ఊడి వచ్చేలా ముక్కగా వేయించండి. ఆ ముక్క మీద మార్కర్‌తో "కింద లైటు" అని రాయండి. పనివాళ్లకు చదవడానికి ఇంగ్లిష్‌లో కూడా.

మీరే పైకెక్కి కొంత పని చేసుకుంటానన్నారు. జాయిస్టుల మధ్య అడుగు పెట్టకండి, ప్లాస్టర్‌బోర్డు మనిషిని మోయదు, కింద బెడ్‌రూములో పడతారు. రెండు మూడు చెక్కల మీద ఆనేలా ఒక పలక వేసుకుని దాని మీద మోకాళ్లూనండి. ఎఫ్‌ఎఫ్‌పీ3 మాస్క్ (సన్నటి దుమ్మును ఆపేది), చేతులకు తొడుగులు, నిండు చేతుల చొక్కా ఉండాలి. లైటింగ్ సర్క్యూట్ ఆపాక వెలుగు కావాలి కాబట్టి తలకు కట్టుకునే టార్చి తీసుకోండి. ఇంట్లో ఎవరికైనా చెప్పి ఎక్కండి. 2000కు ముందు కట్టిన ఇళ్లవాళ్లకు మరో హెచ్చరిక. సీలింగ్ మీద ఆర్టెక్స్ గీతల పూత ఉంటే అందులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, ముఖ్యంగా 1980ల మధ్య వరకు వేసినవాటిలో. పరీక్ష చేయించకుండా అందులో లైటు కోసం కొత్త కన్నం కోయకండి, పాతదాన్ని పెద్దది చేయకండి. ఇదే మీ ఇంటికీ వర్తిస్తుంది.

అనుమతుల గురించి: ఇంగ్లండ్‌లో ఉన్న లైటు తీసి అదే చోట కొత్త లైటు పెట్టడానికి కౌన్సిల్‌కు చెప్పనక్కర్లేదు. బాత్రూమ్‌లో షవర్, టబ్ చుట్టూ నిర్దేశించిన జోన్‌లలో వైరింగ్ మార్పులు చేసినా, కొత్త సర్క్యూట్ వేసినా పార్ట్ పీ (భవన నిబంధనల్లో ఇళ్ల కరెంటు పనుల భాగం) కింద కౌన్సిల్‌కు తెలియజేయాలి. రిజిస్టర్డ్ ఎలక్ట్రీషియన్ అయితే ఆ పని తనే చేసి సర్టిఫికెట్ ఇస్తాడు. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల సొలిసిటర్ అడిగే కాగితం అది, జాగ్రత్త చేసుకోండి. వేల్స్, స్కాట్లండ్‌లలో నియమాలు కొంత వేరు.

ఇక బిల్డర్‌తో ఏం చెప్పాలంటే, లైట్ల పని ఎలక్ట్రీషియన్‌తో ముందు చేయిస్తామని, అది అయ్యాక ఊల్ 270 పూర్తి మందంతో, లెగ్స్ మీద బోర్డులతో కొత్త కొటేషన్ ఇమ్మని అడగండి. లెగ్ ఎత్తు, ఊల్ మందం, అంచుల దగ్గర గాలి ఖాళీ కొటేషన్‌లో రాతపూర్వకంగా ఉండాలి. ఊల్ పరిచాక, బోర్డులు వేయక ముందు ఒకసారి మీరే ఎక్కి ప్రతి లైటు దగ్గరా ఫోటో తీసుకోండి. ఈలోగా ఒక లైటు వెనక లేబుల్, షవర్ మీద రాసిన కిలోవాట్లు, ట్రస్ అడుగు చెక్క ఎత్తు, ఈ మూడూ చూసి ఇక్కడ పెట్టండి. ఏ రకం ఫిట్టింగ్, ఎంత ఎత్తు కాలు తీసుకోవాలో అప్పుడు కచ్చితంగా చెప్పగలను.